టీవీ కోసం తీసిన కుక్కల లవ్‌స్టోరీ చూశాం, ఇద్దరికీ కుక్కలంటే ప్రాణం, అయినా ఎందుకు నచ్చలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఆదివారం మధ్యాహ్నం మీరూ మీ ఆవిడా కూర్చుని ఒక అమెరికా టీవీ సినిమా చూశారు, తెలుగు డబ్బింగ్. కుక్కల షెల్టర్ నడిపే అబ్బాయి, సిటీ నుంచి వచ్చిన అమ్మాయి, పార్కులో ఇద్దరి కుక్కల బెల్టులు మెలికపడి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, షెల్టర్ మూతపడబోతుంటే పెద్ద ఫంక్షన్ పెట్టి డబ్బులు పోగుచేస్తారు, మధ్యలో ఒక అపార్థం, చివర్లో మంచు, ముద్దు. చూసినంతసేపూ చూశారు గానీ అయిపోయాక ఇద్దరికీ ఏదో వెలితి, కుక్కలంటే ఇంత ఇష్టం ఉండి కూడా ఎందుకిలా అని అడిగారు. రెండోది, మంచోడెవడో చెడ్డోడెవడో కుక్క కనిపెట్టేస్తుందని అందులో చూపించారు, నిజమేనా అన్నారు. మూడోది, సినిమా నచ్చకపోయినా మీ ఆవిడకి మాత్రం గోల్డెన్ రిట్రీవర్ మీద మనసు పడింది, గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల పోర్షన్, ఇద్దరూ పొద్దున 9కి వెళ్తే సాయంత్రం 6కి వస్తారు, కొనొచ్చా అని. చివర్లో ఒక్క లైన్ రాశారు, మీ వీధిలో తెల్ల కుక్క ఒకటుంది, మీ ఆవిడ రోజూ పెరుగన్నం పెడుతుంది, ఈమధ్య కుంటుతోంది అని.

నేను విజయవాడలో కుక్కల డాక్టర్ని. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివాను, 19 ఏళ్ళ ప్రాక్టీసు, పటమటలో క్లినిక్. మీరు పేరు రాశారు కదా అని నిన్న రాత్రి క్లినిక్ కట్టేశాక ఆ సినిమా మొత్తం చూశాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీకు అనిపించిన వెలితి నిజమైనదే. అందులో కుక్కలు బోలెడున్నాయి గానీ కుక్కని కళ్ళారా చూసిన మనిషి ఒక్కడూ లేడు. హీరో చూడడు, హీరోయిన్ చూడదు, కెమెరా కూడా చూడదు. రోజూ కుక్కతో ఉండేవాళ్ళకి అది మాటల్లో చెప్పలేకపోయినా తెలిసిపోతుంది. రెండో ప్రశ్నకి, సగం నిజం. మూడోదానికి, ఇప్పుడైతే వద్దు.

ఇక కారణాలు. ఈ సినిమాలు ఎట్లా తయారవుతాయో కొంచెం తెలిస్తే సగం అర్థమైపోతుంది. ఇవి థియేటర్ మొహం చూడవు, నేరుగా టీవీ కోసమే తీస్తారు. అమెరికాలో హాల్‌మార్క్ అని ఒక ఛానల్ ఉంది, మనకి హాల్‌మార్క్ అంటే బంగారం మీద ముద్ర గానీ అక్కడ అది గ్రీటింగ్ కార్డుల కంపెనీ, 1910లో మొదలైంది, ఛానల్ ఆ పేరుతో 2001లో వచ్చింది, ఇట్లాంటి ప్రేమకథలకి అదే పుట్టిల్లు. దాన్ని చూసి మిగతా ఛానళ్ళు, ఓటీటీలు కూడా ఇదే పద్ధతిలో తీస్తున్నాయి. రెండు గంటల స్లాట్‌లో యాడ్స్ పోగా కథకి మిగిలేది 84, 85 నిమిషాలు. దాన్ని యాడ్ బ్రేకుల లెక్కన ఎనిమిది తొమ్మిది ముక్కలుగా రాసుకుంటారు, ప్రతి ముక్క చివరా ఒక చిన్న కొక్కెం ఉండాలి, లేకపోతే జనం ఛానల్ మార్చేస్తారు. మీరు రాశారు చూడండి, "ఎప్పుడేం జరుగుతుందో ముందే తెలిసిపోయింది" అని, దానికి కారణం ఇదే, ఆ అపార్థం ముప్పావు సినిమా దగ్గర ఠంచనుగా వచ్చి తీరుతుంది. షూటింగ్ పదిహేను రోజులు, మహా అయితే మూడు వారాలు. ఖర్చు కలిసొస్తుందని ఎక్కువగా కెనడాలో వాంకూవర్ చుట్టుపక్కల తీస్తారు, ఎండాకాలంలో తీసి ఉత్తుత్తి మంచు చల్లిన క్రిస్మస్ సినిమాలు బోలెడు.

పదిహేను రోజులు మనుషులకి సరిపోతాయేమో. కుక్కకి చాలవండీ. కొత్త ఇంటికి తెచ్చిన కుక్క మూడు రోజులు మూల నక్కి కూర్చుంటుంది, మూడు వారాలకి ఇంటి టైము తెలుసుకుంటుంది, ఇది నా ఇల్లే అనుకుని ఒళ్ళు వదిలేసి పడుకోవడానికి మూడు నెలలు పడుతుంది, నా క్లినిక్‌కి వచ్చే వాళ్ళందరికీ ఇదే చెప్తాను. షూటింగ్‌లో ఆ హీరోయిన్ ఆ కుక్కని మొదటిసారి చూసింది ముందురోజు అయ్యుంటుంది. టైమ్ లేదు కాబట్టి ఫస్ట్ టేక్‌లో ఓకే అయ్యే పనులే కుక్కకి రాస్తారు. మీ సినిమాలో లెక్కపెట్టాను, కుక్క చేసినవి నాలుగే పనులు: నడవడం, కూర్చోవడం, మెడ పక్కకి వంచి చూడటం, ఒళ్ళో తల పెట్టడం. 84 నిమిషాల్లో ఒక్కసారి కూడా వాసన చూడలేదు. ఆలోచించండి, కుక్క మన ఇంటికి వస్తే మొదట చేసే పని ఏంటి? షెల్టర్ కుక్కని ఆ అమ్మాయి ఇంటికి తెస్తే అది గుమ్మం దాటి సరాసరి వచ్చి సోఫా పక్కన కూర్చుంది, గోడ మూల చూడలేదు, చెప్పులు చూడలేదు, వంటింటి వైపు ముక్కు ఎత్తలేదు. నాకైతే అక్కడే సినిమా మీద నమ్మకం పోయింది.

ఇప్పుడు ఒక పని చేయండి. ఆ అమ్మాయి వరండా మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కుక్క వచ్చి ఒళ్ళో తల పెట్టే సీన్ ఉంది కదా, అది మళ్ళీ పెట్టుకుని కుక్క కళ్ళు మాత్రమే చూడండి. ఆ కళ్ళు ఆ అమ్మాయి మీద ఉండవు. ఫ్రేములో ఎడం పక్కకి, కొంచెం పైకి ఉంటాయి, చెవులు కూడా అటే నిక్కి ఉంటాయి. అక్కడ కెమెరా పక్కన ట్రైనర్ చేతిలో చికెన్ ముక్క పట్టుకుని నించుని ఉంటాడు. అందులో తప్పేమీ లేదు, లోకమంతా అట్లాగే తీస్తారు. మంచి సినిమాల్లో ట్రైనర్‌ని సరిగ్గా నటి భుజం వెనకాల నిలబెడతారు, చూపు కుదిరేదాకా ఆగుతారు, అంతే తేడా. ఇక్కడ ఆ ఓపిక లేదు. అదే సీన్‌లో అది మూడుసార్లు మూతి నాక్కుంటుంది, ఆకలేసి కాదు, ఇబ్బంది పడుతోంది. చివరి ముద్దు సీన్‌లో ఇద్దరి మధ్య దాన్ని ఇరికించి పట్టుకుంటే ఆవలిస్తుంది, చూసేవాళ్ళకి ముద్దుగా ఉంటుంది, నాకు మాత్రం అది "నన్ను వదలండి" అన్నట్టు వినపడింది. గట్టిగా వాటేసుకున్నప్పుడు కంటి తెల్లభాగం అర్ధచంద్రంలాగా బయటికి కనిపిస్తుంది, అది కూడా గమనించండి. నార్వేలో టూరిడ్ రుగాస్ అని ఒక ట్రైనర్ ఈ మూతి నాక్కోవడాలూ ఆవలింతలూ మొహం తిప్పుకోవడాలూ అన్నీ ఏళ్ళ తరబడి చూసి ఒక పుస్తకమే రాసింది. నా క్లినిక్‌లో టేబుల్ ఎక్కిన ప్రతి కుక్కా ఇవే చేస్తుంది, వాటిని చదవడం రాకపోతే నా చేతివేళ్ళు ఎప్పుడో పోయేవి.

ఇంకోటి. ఆ షెల్టర్‌లో పుట్టిన చిన్న కుక్కపిల్ల, హీరోయిన్ సీసాతో పాలు పట్టేది. మొదటి అరగంటలో దాని కుడి ముందుకాలికి మడమ దాకా సాక్స్ వేసినట్టు తెలుపు ఉంది. తర్వాత ఫంక్షన్ సీన్‌లో ఆ తెలుపు వేళ్ళ దాకానే ఉంది. అంటే వేరే పిల్ల. కుక్కపిల్లలు రోజులో పద్దెనిమిది గంటలు నిద్రపోతాయి, వారానికి వారం మారిపోతాయి, అందుకని ఒకే వేషానికి ఐదారు పిల్లల్ని వాడటం మామూలే. కానీ ఆ రెండో పిల్లని ఎత్తుకునే ఆ అమ్మాయి "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో" అంటుంది. కాలి మీద కొంచెం రంగు వేసినా సరిపోయేది. ఎవరూ చూసుకోలేదు. మీ ఇంట్లో పెంచిన పిల్ల కాలు మారిపోతే మీ ఆవిడకి తెలియకుండా ఉంటుందా?

పార్కులో బెల్టులు మెలికపడే సీన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి ఎవరైనా ప్రయత్నిస్తారేమోనని నా భయం. పరిచయం లేని రెండు కుక్కలు ఎదురెదురుగా మొహం మొహం పెట్టి, బెల్టు బిగిసి, పారిపోయే దారి లేకపోతే చాలాసార్లు జరిగేది పోట్లాట. పద్మావతి ఘాట్ దగ్గర వాకింగ్‌లో ఇట్లాగే ఒక రాట్‌వీలర్, ఒక పామరేనియన్ మెలికపడ్డాయి, పామరేనియన్‌కి మెడ మీద 11 కుట్లు వేశాను. ఆ రెండు ఇళ్ళ వాళ్ళూ నా క్లినిక్‌లోనే అరుచుకున్నారు. కుక్కలు కలవాలంటే పక్కపక్కన నడవాలి, బెల్టు వదులుగా ఉండాలి, ముందు ఒకదాని వెనక ఒకటి వాసన చూసుకోవాలి. అంతేనండీ, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

నాకు షూటింగులు కొంచెం తెలుసు. మన దగ్గర జంతువుతో షూటింగ్ చేయాలంటే 2001లో వచ్చిన పెర్ఫార్మింగ్ యానిమల్స్ రూల్స్ ప్రకారం యానిమల్ వెల్ఫేర్ బోర్డు నుంచి ముందే పర్మిషన్ తీసుకోవాలి, డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అమెరికాలో 1939లో ఒక సినిమా కోసం గుర్రాన్ని కొండ మీంచి నీళ్ళల్లోకి దూకిస్తే చచ్చిపోయింది, దాని మీద పెద్ద గొడవై ఆ మరుసటేడు నుంచి అమెరికన్ హ్యూమేన్ అనే సంస్థ సెట్లకి వెళ్ళి చూడటం మొదలుపెట్టింది. మన రూల్ పుణ్యాన నేను కూడా నాలుగైదు సెట్లకి వెళ్ళాను. ఒకటి మాత్రం మర్చిపోలేను. ఉండవల్లి వైపు, మే నెల, ఒక బట్టల షాపు యాడ్. పేరు వద్దు. సింబా అని లాబ్రడార్, మూడేళ్ళు, బంగారం లాంటి కుక్క. పొద్దున ఏడింటికి అన్నవాళ్ళు పదకొండింటికి మొదలుపెట్టారు. నేను సిమెంటు నేల మీద అరచెయ్యి పెట్టి చూశాను, ఐదు లెక్కపెట్టేలోపు తీసేశాను. దాన్ని అదే నేల మీద నడిపించాలంటారు. టెంపరేచర్ చూస్తే 104.6, కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 మధ్య ఉండాలి. ఆపేయమన్నాను. "ఒక్క షాట్ మేడం, ఒక్కటే షాట్" అని బతిమాలారు, తర్వాత కోప్పడ్డారు, ఇంకెప్పుడూ పిలవలేదు. నేను దాన్ని వేపచెట్టు కిందకి తీసుకెళ్తే ఆ మోడల్ అమ్మాయి, వయసు ఇరవై ఉంటుందేమో, పట్టుచీరతోనే మట్టిలో కూలబడి బిస్లరీ సీసా మూత తీసి దాని కాళ్ళ మీద, పొట్ట కింద నీళ్ళు పోస్తూ కూర్చుంది. నేను చెప్పకముందే పొట్ట కింద పోయాలని ఆ అమ్మాయికెట్లా తెలిసిందో మరి. చీర అంచు తడిసిపోతోంది, కాస్ట్యూమ్ వాళ్ళు అరుస్తున్నారు, ఆ అమ్మాయి తల ఎత్తలేదు. సింబా కాసేపటికి నాలుక లోపలికి తీసుకుని ఆ అమ్మాయి మోకాలి మీద గడ్డం ఆనించింది, ఈసారి ఎవరి చేతిలోనూ చికెన్ ముక్క లేదు. కెమెరా అప్పటికే ఆఫ్ చేసేశారు. మీ సినిమాలో వరండా మెట్ల సీన్ చూస్తుంటే నాకు ఆ వేపచెట్టు గుర్తొచ్చి చాలా బాధేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రేమకథగా కూడా అది ఎందుకు తేలిపోయిందంటే, అందులో కుక్క వల్ల ఎవరికీ ఏ కష్టమూ లేదు. రాత్రి రెండింటికి లేచి వాంతి తుడిచినవాళ్ళు లేరు. ఇంటివాళ్ళు ఖాళీ చేయమనలేదు. బిల్లు చూసి గుండె జారినవాళ్ళు లేరు. షెల్టర్‌లో నలభై కుక్కలుంటే ఒక్కదాని ఒంటి మీదా గోమారు లేదు, ఒక్క బోనులో పెంట లేదు, హీరో తెల్ల స్వెట్టర్ తెల్లగానే ఉంది. కుక్కతో బతికేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తెలుసుకునేది సరిగ్గా ఈ కష్టాల దగ్గరే, అవన్నీ తీసేస్తే ఇక వాళ్ళు దేన్ని చూసి ప్రేమించుకున్నట్టు?

ఒక కేసు చెప్తాను. పేర్లు, వీధి చెప్పను. పెళ్ళై ఐదు నెలలైన జంట, పెద్దలు కుదిర్చిన సంబంధం. అమ్మాయిది తెనాలి, పెళ్ళికి ముందు నుంచీ తను పెంచుకున్న కుక్కని వెంట తెచ్చుకుంది, స్పిట్జ్, పేరు చిట్టి. అబ్బాయికి కుక్కలంటే పడదు. మొదటిసారి వ్యాక్సిన్‌కి వచ్చినప్పుడు అతను బయట బండి మీదే కూర్చున్నాడు, లోపలికి కూడా రాలేదు. ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. ఆగస్టులో చిట్టికి టిక్ ఫీవర్ వచ్చింది, అదే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే ఎర్లికియా, విజయవాడ గుంటూరుల్లో వానాకాలం వస్తే నాకు రోజుకి నాలుగైదు ఇవే. ముక్కులోంచి రక్తం కారుతోంది. 2 లక్షల పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 18 వేలకి పడిపోయాయి. అమ్మాయికి పొద్దున్నే ఉద్యోగం, అందుకని రాత్రి సెలైన్‌కి అబ్బాయి తీసుకొచ్చాడు. నేను మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాను, ఇవాళ యూరిన్ ఎన్నిసార్లు పోసింది అని. పెంచుకునేవాళ్ళే చాలామంది "పోసింది మేడం" అంటారు, అంతే. అతను ఫోన్ తీశాడు. పొద్దున 6.10, కొంచెం, పచ్చగా. 11.40, బాల్కనీలో, ముదురు రంగు. 4.15కి లేవలేకపోయింది, ఎత్తుకుని తీసుకెళ్ళాను. అట్లా రాసి ఉంది. నోట్స్‌లో అంతకుముందు మూడు రోజులవి కూడా ఉన్నాయి. ఇంటి నుంచి పని చేసేవాడట, పక్కన పెట్టుకుని చూశాడు.

రక్తం ఎక్కించాల్సి వచ్చింది. కుక్కలకి కూడా బ్లడ్ గ్రూపులుంటాయి, అయినా ఇంతకుముందెప్పుడూ రక్తం ఎక్కించని కుక్కకి మొదటిసారి సాధారణంగా ఇబ్బంది రాదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క దొరికితే చాలు. పదింటికి అతనే ఆఫీసు స్నేహితుల్ని అడిగి, కానూరు నుంచి ఒక జర్మన్ షెపర్డ్‌ని దాని యజమానితో సహా ఆటోలో తీసుకొచ్చాడు. పదకొండున్నరకి అమ్మాయి వచ్చింది. అప్పటికి అతను నేల మీద కూర్చుని ఉన్నాడు, చిట్టి తల తొడ మీద, సెలైన్ గొట్టం మెలికపడకుండా ఒక చేత్తో పట్టుకుని, షర్టు మీద ముక్కు రక్తం. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఫోన్ అడిగి తీసుకుంది, ఆ నోట్స్ మొత్తం పైనుంచి కిందదాకా చదివింది, ఆ తర్వాత అతని పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. రాత్రి ఒంటిగంటకి నేను లోపలి గదిలోంచి వచ్చి చూస్తే ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, సన్నగా, చిట్టి నిద్రపోతోంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వాడాం, బతికింది, ఇప్పటికీ వస్తుంది. మొన్న నులిపురుగుల మందుకి అతనొక్కడే తీసుకొచ్చాడు.

ముద్దు లేదు, మంచు లేదు. ఆ సినిమా వాళ్ళకి ఆ ఫోన్ నోట్స్ లాంటిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తట్టి ఉంటే మీరు ఈ ప్రశ్న రాసేవాళ్ళు కాదు.

మన వాళ్ళకి ఇది తెలియని విషయమా? మహాభారతంలో మొదట్లో ఒక కుక్క, చివర్లో ఒక కుక్క. ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్ళు ఒక కుక్కపిల్లని ఊరికే కొడితే దాని తల్లి సరమ వచ్చి ఏ తప్పూ చేయని నా పిల్లని ఎందుకు కొట్టారని రాజునే నిలదీస్తుంది, వాళ్ళ దగ్గర సమాధానం లేదు. చివర్లో ధర్మరాజు కుక్కని వదిలి రమ్మంటే స్వర్గమే వద్దంటాడు. ఆ రెండు చోట్లా కుక్కకి దాని సొంత బతుకు ఉంది. మీ సినిమాలో కుక్క పని హీరోనీ హీరోయిన్‌నీ ఒక చోటికి లాక్కురావడమే, అది అయిపోగానే ఫ్రేములోంచి మాయం.

అట్లాగని ఈ సినిమాలు చూడొద్దని నేను చెప్పను. మా అత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు రెండు నెలలు వరసగా ఇవే చూసింది, ఎవరూ చచ్చిపోరు, ఎవరూ అరవరు, మనసుకి హాయిగా ఉంటుంది అనేది. అది నిజమైన అవసరమే, దాన్ని చిన్నచూపు చూడటం నాకిష్టం లేదు. పైగా షెల్టర్ కుక్కని తెచ్చుకోవచ్చు, కొనక్కర్లేదు అనే మాట వీటిలో తరచూ చెప్తారు, అది మంచి మాట. నా కోపం అంతా ఒక్కదాని మీదే, కుక్కల్ని ప్రేమించేవాళ్ళ కోసం తీశామని చెప్పి కుక్కని చూడకపోవడం.

రెండో ప్రశ్న, మంచోణ్ణి కనిపెట్టడం గురించి. కుక్కకి మన గుణం తెలియదండీ, మన ఒళ్ళు తెలుస్తుంది. మీరు భయపడితే మీ చెమట వాసన మారుతుంది, భుజాలు బిగుస్తాయి, ఊపిరి మారుతుంది, అది చదువుతుంది. మీ ఆవిడకి ఎవరైనా నచ్చకపోతే బెల్టు పట్టుకున్న చెయ్యి బిగుస్తుంది, కుక్క వాడి మీద మొరుగుతుంది, మనం అబ్బ కనిపెట్టేసింది అనుకుంటాం. ఇంకో సంగతి, 2015లో జపాన్‌లో అజబు యూనివర్సిటీ వాళ్ళు చూపించారు, కుక్కా దాన్ని పెంచేవాళ్ళూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని, తల్లికీ బిడ్డకీ మధ్య పనిచేసే హార్మోనే అది. కాబట్టి బంధం నిజం. కానీ టోపీ పెట్టుకున్నాడనో, కర్ర పట్టుకున్నాడనో, నాలాగా స్పిరిట్ వాసన వస్తోందనో మంచివాళ్ళ మీద మొరిగే కుక్కలు నా దగ్గరికి రోజూ వస్తాయి. పెళ్ళి సంబంధం దాని మీద తేల్చుకోకండి.

గోల్డెన్ సంగతి. స్కాట్లాండ్‌లో చలిలో, నీళ్ళల్లో దిగి కొట్టిన పక్షుల్ని తీసుకురావడానికి తయారుచేసిన జాతి అది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మీది గుంటూరు, ఎండలకి పేరుపడ్డ రెంటచింతల ఉన్న వైపు. తొమ్మిది గంటలు తలుపేసిన పోర్షన్‌లో మేలో కరెంటు పోతే? 2003లో హచ్ అనే ఫోన్ కంపెనీ పగ్ కుక్క యాడ్ వచ్చాక అందరూ పగ్ కొన్నారు, పాపం ఆ చప్పిడి ముక్కులు ఎండాకాలంలో ఊపిరాడక నా టేబుల్ మీద నీలం నాలుకలతో పడుకోవడం నేను చూశాను, ఇప్పుడు హస్కీల వంతు. ఇంకా పిల్లల్ని 30, 35 రోజులకే తల్లి నుంచి విడదీసి, బుట్టలో పెట్టి ప్రైవేటు బస్సులో వేసి పంపుతున్నారు, కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. వచ్చిన వారానికి రక్త విరేచనాలు, పార్వో అనే వైరస్ జబ్బు, 20 వేలు పెట్టి కొన్న పిల్ల నాలుగు రోజుల్లో పోతుంది. ఆ ఇంటి ఆడపిల్లలు ఏడుస్తుంటే చూడలేం. గోల్డెన్‌ని పెంచాలంటే ఆహారం, మందులు, స్నానం, ఏసీ అన్నీ కలిపి నెలకి 5 వేలకి తక్కువ అవదు, పదీ పన్నెండేళ్ళ మాట. మీలో ఒకరికి ఇంటి నుంచి పని దొరికాక, సొంత బాల్కనీ ఉన్న ఇల్లు దొరికాక అడగండి, అప్పుడు నేనే మంచి పిల్లని ఎట్లా చూసుకోవాలో చెప్తాను.

అయినా మీ ఆవిడకి కుక్క ఇప్పటికే ఉంది కదండీ, మీ వీధిలో తెల్లది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు ఒక పెద్దాయన, ఆయన భార్య మూడు రోజులు డాబా మీదే ఉండిపోయారు, పడవ వచ్చినా ఎక్కలేదు, వీధికుక్కని ఎక్కించుకోం అన్నారని. నాలుగో రోజు వచ్చిన పడవ కుర్రాడు ఎక్కించుకున్నాడు. దాని కాళ్ళు నాని చర్మం ఊడిపోతుంటే నా దగ్గరికి తెచ్చారు. "మీ కుక్కేనా అమ్మా" అంటే "మాది కాదమ్మా, మా వీధిది" అంది ఆమె. రోజూ అన్నం పెట్టిన చెయ్యి అది.

ఆ తెల్లదానికి ముందు చెవి చూడండి, కొస కత్తిరించి ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు. లేకపోతే మున్సిపాలిటీ వాళ్ళని అడగండి. రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పనిసరి, అన్నం పెట్టేది మీ ఆవిడే కాబట్టి ఇంకా తప్పనిసరి. పెరుగన్నం మంచిదే గానీ అదొక్కటే చాలదు, రోజుకో ఉడికించిన గుడ్డు కలపండి, ఉల్లిపాయ ఉన్న కూర మాత్రం వద్దు, కుక్కకి అది విషం.

ఇక కుంటడం. రేపు పొద్దున అన్నం గిన్నె కొంచెం దూరంగా పెట్టి అది నడిచి వచ్చేటప్పుడు ఎదురుగా నించుని తల చూడండి. ముందుకాలు నొప్పైతే ఆ కాలు నేలకి ఆనినప్పుడల్లా తల పైకి లేస్తుంది. వెనకకాలు అయితే తుంటి ఒక పక్క ఎగురుతుంది. కాలి వేళ్ళ సందుల్లో తారు, ముల్లు, ప్లాస్టిక్ దారం ఏమైనా ఉందా, గోమార్లు ఉన్నాయా చూడండి, మీకు అలవాటు లేకపోతే మీ ఆవిడని చూడమనండి, ఆవిడ చేతికి అలవాటు కాబట్టి కరవకపోవచ్చు, అయినా మూతి నాక్కుంటే చెయ్యి తీసేయమనండి. రోజూ ఒకే కాలు కుంటుతోందా, రోజుకో కాలు మారుతోందా? మారుతుంటే అది టిక్ ఫీవర్ కీళ్ళనొప్పి కావచ్చు, అప్పుడు ఆలస్యం చేయకూడదు. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, ఏ కాలు, అన్నీ ఒక చోట రాసిపెట్టి ఎల్లుండికల్లా నాకు చెప్పండి.